కరోనాకాలపు ఆరోగ్య యాప్‌లు – స్వీకరణ, తిరస్కరణ: షాద్‌నగర్ ప్రాంతాన్ని ముందుంచుకొని ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కరోనా కాలంలో ప్రభుత్వాలు విడుదల చేసిన ఆరోగ్య యాప్‌లను కొందరు రోగులు ఎందుకు స్వీకరించారు, మరికొందరు ఎందుకు పక్కన పెట్టారు అన్న ప్రశ్నకు పరిశోధకులు ఎక్కువగా సాంకేతికతా ఆమోద నమూనాల సాయంతో సమాధానం వెదికారు. ఒక మనిషి, ఒక ఫోను, ఒక స్వేచ్ఛానిర్ణయం అన్న ఊహమీద ఆ నమూనాలు నిలబడి ఉన్నాయి. షాద్‌నగర్ వంటి ప్రాంతంలో ఈ ఊహ చెల్లదని, జబ్బు సంగతి చెప్పిన తరువాత ఎవరు వస్తారు, ఏమి తెస్తారు అన్నదే అక్కడి రోగి నిర్ణయానికి మూలమని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆరోగ్య సేతు, హితం, కోవిన్, ఈ-సంజీవని వేదికలను 108 సేవతోనూ, తెలంగాణలో జరిగిన ఇంటింటి జ్వర సర్వేతోనూ పోల్చి ఈ వాదాన్ని పరీక్షిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్య యాప్‌లు, కరోనా, షాద్‌నగర్, సాంకేతికతా ఆమోదం, ఆశా కార్యకర్త, జ్వర సర్వే, తెలంగాణ వాడుకభాష.

1. ఉపోద్ఘాతం:

కేంద్రప్రభుత్వం 2020 ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు యాప్‌ను విడుదల చేసింది. 13 రోజులలో 5 కోట్ల మంది, మే నెల మధ్యనాటికి 10 కోట్ల మంది దానిని తమ ఫోన్లలో దించుకున్నారు. అదే ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం టీ-కోవిడ్ 19 పేరుతో తన సొంత యాప్‌ను తెచ్చింది. జూలైలో, ఇంటివద్దనే ఉండి చికిత్స పొందే రోగుల కోసం హితం యాప్ వచ్చింది. 2021లో టీకాల నమోదుకు కోవిన్ వచ్చింది. వీటన్నిటికీ సమాంతరంగా వైద్యసలహా కోసం ఈ-సంజీవని నడిచింది. రోగి దృష్టితో చూస్తే, ఏడాది వ్యవధిలో ఒకే జబ్బు కోసం అయిదు వేర్వేరు వాకిళ్ళు తెరుచుకున్నాయి. వాటిలో దేనిని తట్టాలో, తడితే లోపల ఎవరున్నారో చెప్పేవారు మాత్రం తక్కువ.

ఈ అంశంపై వచ్చిన పరిశోధనలో అధికభాగం మహానగరాల విద్యావంతులను, కళాశాల విద్యార్థులను ఆధారం చేసుకున్నది. మారుమూల గూడేల గురించి మాట్లాడిన కొద్దిపాటి రచనలు సిగ్నల్ లేకపోవడాన్ని, ఆసుపత్రి దూరాన్ని కారణాలుగా చూపి ఆగిపోయాయి. షాద్‌నగర్ ఈ రెండు కోవలకూ చెందదు. హైదరాబాదుకు దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, 44వ జాతీయ రహదారి మీద ఉన్న ఈ పట్టణం 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోనిది. హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు స్వగ్రామం బూర్గుల ఈ పరిసరాలలోనిదే. పట్టణానికి ఉత్తరాన కొత్తూరు, నందిగామల వైపు కర్మాగారాలు, చుట్టూ వర్షాధారపు వ్యవసాయం చేసే పల్లెలు, నగరానికి రోజూ రాకపోకలు సాగించే ఉద్యోగులు, దశాబ్దాలుగా వలసకు పేరుపడిన పాలమూరు కూలీ కుటుంబాలు ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. పట్టణంలో ప్రభుత్వ దవాఖాన ఉన్నది, రైలు ఉన్నది, ఫోన్ సిగ్నల్ ఉన్నది. జాతీయ దూరసంవేదన కేంద్రం వారి భూకేంద్రం కూడా ఇక్కడే ఉండి, ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకుంటున్నది. దూరాన్నీ సిగ్నల్‌నూ సాకుగా చూపడానికి వీలులేని చోటు కనుకనే ఈ ప్రాంతం విమర్శకు అనువైనది. ప్రస్తుత వ్యాసం కొత్తగా లెక్కలు సేకరించిన క్షేత్రసర్వే కాదు. ప్రచారంలో ఉన్న నమూనాలను ఈ ప్రాంతపు జీవనస్థితుల ఎదుట నిలిపి చూసే ప్రయత్నం.

2. నమూనాలు – వాటి పుట్టుక:

ఆరోగ్య యాప్‌ల మీద వచ్చిన పరిశోధనాపత్రాలలో తరచుగా కనిపించే పేరు ఫ్రెడ్ డేవిస్. 1989లో ఆయన ప్రతిపాదించిన సాంకేతికతా ఆమోద నమూనా ప్రకారం, ఒక సాధనం ఉపయోగపడుతుందన్న నమ్మకం, దానిని వాడడం తేలిక అన్న నమ్మకం కలిసి మనిషిలో వాడాలన్న సంకల్పాన్ని కలిగిస్తాయి. 2003లో వెంకటేశ్ ప్రభృతులు ఈ ధోరణిలోని పలు సిద్ధాంతాలను ఏకం చేసి, సామాజిక ప్రభావాన్ని, అనుకూల పరిస్థితులను కూడా లెక్కలోకి తెచ్చారు. వయస్సు, లింగం, అనుభవం, స్వచ్ఛందత ఈ సంబంధాలను మారుస్తాయని అన్నారు. వీటికి తోడు ఆరోగ్య విశ్వాస నమూనా ఒకటి ఉన్నది. అది 1950లలో అమెరికా ప్రజారోగ్య విభాగంలో పుట్టింది. క్షయ పరీక్ష కోసం ఎక్స్‌రే వాహనాలను జనావాసాల దగ్గరికే ఉచితంగా తెచ్చినా జనం ఎందుకు రావడం లేదన్న ప్రశ్న దాని వెనుక ఉన్నది.

ఈ పుట్టుకలను గుర్తుచేయడానికి కారణం ఉన్నది. డేవిస్ నమూనాను తొలుత పరీక్షించినది ఐబీఎం సంస్థ కెనడా కార్యాలయంలో ఎలక్ట్రానిక్ మెయిల్, ఫైల్ ఎడిటర్ వాడే ఉద్యోగుల మీద. ఆ తరువాత బోస్టన్‌లోని మేనేజ్‌మెంట్ విద్యార్థుల మీద. అక్కడ ప్రతి మనిషికీ తన బల్ల, తన యంత్రం, తన పని ఉన్నాయి. యంత్రాన్ని వాడితే లాభపడేది అతడే, వాడకపోతే నష్టపోయేదీ అతడే. ఆ పరిధిలో నమూనా చక్కగా పనిచేసింది. దానిని ఫరూఖ్‌నగర్ మండలంలోని ఒక పల్లెలో జ్వరంతో పడుకున్న వృద్ధురాలికి వర్తింపజేసేటప్పుడు ఏమేమి మారతాయో అడగవలసిన బాధ్యత పరిశోధకునిది. ఆ ప్రశ్న వేయకుండానే నమూనాను ఎత్తితెచ్చిన పత్రాలు చాలా ఉన్నాయి.

విచిత్రమేమంటే ఆ కార్యాలయ నమూనా ఈ ప్రాంతంలో ఒక వర్గానికి బాగానే సరిపోయింది. 2020 మే 1న కేంద్ర హోంమంత్రిత్వశాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ ఆరోగ్య సేతును తప్పనిసరి చేసి, నూటికి నూరుశాతం అమలు చేయించే బాధ్యతను సంస్థల అధిపతులపై ఉంచింది. మే 17 నాటి ఉత్తర్వులో ఆ పట్టు సడలి, వీలైనంత ప్రయత్నించాలన్న స్థాయికి వచ్చింది. మే 12న ప్రత్యేక రైళ్ళు మొదలైనప్పుడు రైల్వే కూడా ప్రయాణికులకు యాప్ తప్పనిసరి అన్నది. అటువంటి ఉత్తర్వు అమలులో ఉన్న కాలంలో కర్మాగారపు గేటు దగ్గర ఫోను తీసి చూపిన కార్మికుడు యాప్‌ను స్వీకరించాడా, గేటు దాటాడా? డౌన్‌లోడ్ల లెక్క ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపివేస్తుంది. 10 కోట్లు అన్న సంఖ్యను ప్రజామోదానికి నిదర్శనంగా ఉదహరించే రచనలు ఇక్కడే దారి తప్పుతున్నాయి.

ప్రశ్నావళుల సంగతి ఇంతకంటె ఇబ్బందికరం. మహమ్మారి కాలంలో ముఖాముఖి సేకరణ సాధ్యం కానందున అనేక సర్వేలు ఫోన్‌లోనే, అంతర్జాల పత్రాల ద్వారానే జరిగాయి. యాప్ వాడనివారు ఎందుకు వాడలేదో తెలుసుకోవడానికి, యాప్ వాడగలిగినవారికి మాత్రమే అందే పత్రాన్ని పంపడం ఎటువంటి పద్ధతి? ‘ఈ యాప్ నాకు ఉపయోగకరంగా ఉన్నది’ అన్న వాక్యానికి ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ నుంచి ‘అసలు ఏకీభవించను’ వరకు అయిదు మెట్లు ఇస్తారు. తెలంగాణ పల్లెలో చదువుకున్న మనిషి వచ్చి అడిగితే ‘మంచిగనే ఉన్నది సార్’ అనడం మర్యాద. అది అభిప్రాయం కావచ్చు, కాకపోవచ్చు. ‘మా పిలగానికి తెలుస్తది’ అన్న సమాధానానికి ఆ మెట్లలో చోటే లేదు. నిజానికి అన్నిటికంటె విలువైన సమాచారం ఆ సమాధానంలోనే ఉన్నది.

3. ఫోను ఎవరిది:

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా అంతర్జాలం వాడిన స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. రాష్ట్రంలో ఈ సమాచారాన్ని సేకరించినది 2019లో, అంటే మహమ్మారికి కొద్దినెలల ముందు. నలుగురు స్త్రీలలో ముగ్గురికి అంతర్జాలంతో పరిచయమే లేని స్థితిలో ‘వాడడం తేలిక’ అన్న చలరాశి దేనిని కొలుస్తున్నట్లు?

వాడుక లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోను ఉంటుంది. అది చాలావరకు కొడుకు చేతిలో ఉంటుంది. తల్లికి బటన్ల ఫోను ఉండవచ్చు. ఇటువంటి ఇంట్లో ఆరోగ్య సేతు పనితీరును ఊహిస్తే చిక్కు తెలుస్తుంది. ఆ యాప్ బ్లూటూత్ ద్వారా దగ్గరగా వచ్చిన ఫోన్లను గుర్తుపెట్టుకుంటుంది, నిర్ణీత వ్యవధిలో స్థలాన్ని నమోదు చేసుకుంటుంది. ఒక వినియోగదారుడికి వ్యాధి నిర్ధారణ అయితే అతని ఫోను దగ్గర మెలగిన ఫోన్లకు హెచ్చరిక పోతుంది. ఫోన్ల సామీప్యమే మనుషుల సామీప్యం అన్నది దీని మూలసూత్రం. కొడుకు ఫోనుతో నందిగామ కర్మాగారంలో ఉంటాడు, తల్లి ఫోను లేకుండా కూలిపనికి లేదా అంగడికి పోతుంది. ఆమె ఎవరిని కలిసినా యాప్‌కు తెలియదు; కొడుకుకు హెచ్చరిక వస్తే అది ఇంట్లో ఆరుగురికి వర్తిస్తుంది, కాని ఆ ఆరుగురి పేర్లు యాప్‌లో ఉండవు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల తొలి అంచనాలో జనాభాలో దాదాపు 60 శాతం మంది వాడితే యాప్ ఒంటరిగానే వ్యాప్తిని అరికట్టగలదని, అంతకంటె తక్కువమంది వాడినా కొంత మేలు ఉంటుందని తేలింది. ఆ అంచనా కూడా ఫోనుకు ఒక మనిషి అన్న లెక్కమీదనే నడిచింది.

ఈ లోటు ప్రభుత్వానికి తెలియనిది కాదు. మామూలు ఫోన్లు, ల్యాండ్‌లైన్లు ఉన్నవారి కోసం 1921 అన్న నంబరు పెట్టారు. దానికి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వచ్చి, ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడిగేది. సాంకేతికంగా ఇది సరళమైనది, కాని దానికి యాప్‌కు దక్కినంత ప్రచారం దక్కలేదు.

2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లోని ఒక్క స్మార్ట్‌ఫోను మీద కొడుకు ఉద్యోగానికి, మనుమరాలి చదువుకు, నాయనమ్మ ఆరోగ్యానికి మధ్య పోటీ ఏర్పడింది. అందులో ఆరోగ్యం చివరన నిలవడాన్ని తిరస్కరణ అని పిలవడం సమంజసం కాదు.

4. చెప్పుకున్న తరువాత:

ఈ చర్చలో పరిశోధకులు అంతగా పట్టించుకోని పూర్వరంగం ఒకటి తెలుగునేలకు ఉన్నది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అత్యవసర సేవ మొదలైంది. 2007లో ఆరోగ్యసలహా కోసం 104 వచ్చింది. 108ని వాడడానికి పల్లెజనానికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అక్షరం రానివారు కూడా ఆ మూడంకెలను నేర్చుకున్నారు. అది ఎక్కువగా విజయవంతమైన ఆరోగ్య సాంకేతికత అన్న సంగతి మరుగునపడడానికి కారణం దానికి తెర లేకపోవడమే కావచ్చు. ఆ సేవలో ఒక మాటకు ఒక చర్య జతపడి ఉన్నది: ఫోను చేస్తే బండి వస్తుంది. ఆలస్యంగా రావచ్చు, ఒక్కొక్కసారి రాకపోవచ్చు. అయినా రావలసినది ఏదో, రాకపోతే అడగవలసినది ఎవరినో అందరికీ తెలుసు.

ఆరోగ్య సేతు స్వభావం దీనికి భిన్నం. అది పేరు, వయస్సు, వృత్తి, ప్రయాణాల వివరాలు అడిగింది. దగ్గు ఉన్నదా, జ్వరం ఉన్నదా అని అడిగింది. ఉన్నదని చెప్పినవాడికి ఏమి దక్కుతుందో స్పష్టంగా లేదు. ఏమి జరగవచ్చో మాత్రం అందరూ ఎరుగుదురు. 2020 వసంతంలో తెలంగాణలో వ్యాధి నిర్ధారణ అయినవారిని సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రికి తరలించేవారు. అంబులెన్సు ఇంటి ముందు ఆగడం, రక్షణదుస్తులు తొడుక్కున్న సిబ్బంది దిగడం, వాడకట్టు అంతా తలుపుల చాటునుంచి చూడడం ఆనాటి దృశ్యం. స్వల్పలక్షణాలున్నవారు ఇంటివద్ద ఉండవచ్చునని కేంద్రం ఏప్రిల్ చివరలో మార్గదర్శకాలు ఇచ్చినా, అది ఆచరణలోకి రావడానికి సమయం పట్టింది. దేశంలో పలుచోట్ల రోగుల ఇళ్ళకు కాగితాలు అతికించారు. సంబంధిత అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అలా అతికించరాదని 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. ఈ నేపథ్యంలో ఫోనులో ‘అవును’ అని నొక్కకపోవడం అజ్ఞానం కాదు. లాభనష్టాలు తూచి తీసుకున్న నిర్ణయం.

గోప్యత గురించి జరిగిన చర్చ కూడా ఇక్కడ కొంత పక్కదారి పట్టింది. జాతీయస్థాయిలో చర్చ అంతా రాజ్యం చుట్టూ తిరిగింది. వ్యక్తిగత సమాచార రక్షణకు అప్పటికి ప్రత్యేక చట్టం లేదు. ఆరోగ్య సేతు విడుదలైన నలభై రోజులకు, మే 11న, సమాచార వినియోగానికి నియమావళి వచ్చింది. మే 26న యాప్ మూలసంకేతాన్ని బహిరంగపరిచారు. సింగపూరులో జరిగినది ఈ భయాలు ఊహాజనితం కావని చూపింది. సంపర్కాల గుర్తింపుకు మాత్రమే అన్న హామీతో జనం వాడిన ట్రేస్‌టుగెదర్ సమాచారాన్ని పోలీసులు నేరపరిశోధనకు పొందవచ్చునని 2021 జనవరిలో అక్కడి పార్లమెంటులో వెల్లడైంది. ఇవన్నీ ముఖ్యమైన విషయాలే. అయితే షాద్‌నగర్ గల్లీలో రోగి భయపడినది సర్వరులో భద్రమయ్యే సమాచారానికి కాదు, పక్కింటికి తెలిసే సమాచారానికి. పాలు పోసేవాడు రాడు, కిరాణావాడు దూరంనుంచే పంపిస్తాడు, అద్దె ఇల్లయితే ఖాళీ చేయమంటారు. ‘నలుగురికి తెలిస్తే’ అన్న మాటలోని ఆ నలుగురు గోప్యతా సిద్ధాంతాలలో కనిపించరు. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగులతో మనిషి స్థితిని తెరమీద చూపే పద్ధతి ఆ నలుగురి చేతికి ఒక ముద్రను అందించింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది జ్వర సర్వే. రెండవ అలలో, 2021 మే మొదటివారంలో, తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ సిబ్బందిని పంపింది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ సిబ్బంది వాకిట నిలబడి ఎవరికైనా జ్వరం ఉన్నదా అని అడిగారు. లక్షణాలున్నవారికి పరీక్షాఫలితం కోసం చూడకుండానే మందుల కిట్టు ఇచ్చారు. 2022 జనవరిలో, మూడవ అలలో, మళ్ళీ అదే పని చేశారు. ఆ కిట్టులోని మందుల వైద్యపరమైన ఔచిత్యం వేరే చర్చ. దానిమీద వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ గమనించవలసినది అడిగిన ప్రశ్న యాప్ అడిగినదే అన్న సంగతి. ప్రశ్న ఒకటే అయినా అడిగిన చేతిలో మందు ఉన్నది. 2017లో బాలింతలకు ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్టు తరువాత ‘కిట్టు’ అన్న మాటకు తెలంగాణలో సర్కారు నుంచి చేతికి అందేది అన్న అర్థం స్థిరపడింది. జ్వరం ఉన్నదని చెప్పడానికి ఇప్పుడొక కారణం ఏర్పడింది. చెప్పినా గాంధీకి తీసుకుపోరన్న ధైర్యం కూడా అప్పటికి కలిగింది. అంటే 2020 ఏప్రిల్ నాటి రోగి, 2021 మే నాటి రోగి ఒకే మనిషి అయినా వారి నిర్ణయాలు వేరు. ఒక్కసారి జరిపిన సర్వేతో స్వీకరణ, తిరస్కరణలను స్థిరమైన మనస్తత్వ లక్షణాలుగా తేల్చిన పత్రాలు ఈ మార్పును చూడలేవు.

పొరుగు రాష్ట్రంలోనూ ఇదే కనిపిస్తుంది. 2020 ఏప్రిల్ 13న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమెడిసిన్ సేవలో 14410కి మిస్డ్ కాల్ ఇస్తే వైద్యుడు తిరిగి ఫోను చేసేవాడు. మందులు ఇంటికి చేర్చే ఏర్పాటు ఉండేది. తెలంగాణలోని హితం యాప్‌కు కూడా కాల్‌సెంటర్ తోడుగా ఉన్నది. యాప్‌కు జవాబు చెప్పే గొంతు అవసరమని దాని రూపకర్తలు గ్రహించారనడానికి ఇది గుర్తు.

5. భాష:

ఈ యాప్‌ల పేర్లు గమనించదగినవి. ఆరోగ్య సేతు, సంజీవని సంస్కృత సమాసాల, పురాణస్ఫురణల మీద ఆధారపడినవి. హితం అన్నది ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలను కూర్చితే తెలుగు పదం పలికేలా చేసిన చమత్కారం. పేరు చెవికి ఇంపుగా ఉండడం వేరు, అది ఎక్కడికి తీసుకుపోతుందో తెలియడం వేరు. 2018లో హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానలకు ఆ పేరు పెట్టినవారు ఈ తేడాను పట్టుకున్నారు. ‘దవాఖాన’ అంటే తెలంగాణలో ఏ ఇంట్లోనూ వివరించవలసిన పని లేదు.

పేర్లకంటె లక్షణాల భాష లోతైన సమస్య. ఈ ప్రాంతంలో ‘పానం మంచిగ లేదు’, ‘సుస్తి అయింది’ అన్న మాటలతో జబ్బు సంగతి మొదలవుతుంది. ‘సర్ది’ జలుబు కావచ్చు, దగ్గుతో కూడిన పడిశం కావచ్చు. ‘దమ్ము’ అంటే ఊపిరి, ఆయాసం, ఉబ్బసం మూడూ. అన్నిటికంటె చిక్కయినది ‘లోపలి జరం’. ఒళ్ళు కాలకపోయినా, థర్మామీటరు చూపకపోయినా నీరసంగా, నొప్పులుగా ఉండే స్థితికి ఆ పేరు. జ్వరం ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు లోపలి జరం ఉన్న మనిషి ఏమని జవాబివ్వాలి? ఉన్నదంటే థర్మామీటరు కాదంటుంది. లేదంటే తన అనుభవం కాదంటుంది. ఆశా కార్యకర్తకు ఈ చిక్కు లేదు. ఆమె ఆ మాటను అదే మాటగా విని, ఎన్నాళ్ళనుంచి, అన్నం సయిస్తున్నదా, వాసన తెలుస్తున్నదా అని మరొక నాలుగు ప్రశ్నలు వేస్తుంది. యాప్‌ను తెలుగులోకి అనువదించినంత మాత్రాన ఈ పని జరగదు. తెలుగు పరిశోధకులు, ముఖ్యంగా మాండలిక పరిశోధకులు, ఇంతవరకు ఈ రంగంలోకి అడుగుపెట్టకపోవడం విచారకరం. జబ్బుల పదకోశాలు జిల్లాలవారీగా తయారైతే వాటి ప్రయోజనం భాషాశాస్త్రానికే పరిమితం కాదు.

6. కోవిన్ – సంకల్పం చాలని చోటు:

ఆమోద నమూనాలు ప్రధానంగా సంకల్పం మీదనే ఆధారపడతాయి. సంకల్పం ఉంటే వాడుక చాలావరకు దాని వెంటే వస్తుందని అనుకుంటాయి. 2021 మే నెల ఈ నమ్మకాన్ని దెబ్బతీసింది. 18 నుంచి 44 ఏళ్ళవారికి ఆ నెల మొదట టీకా పొందడానికి కోవిన్‌లో ముందస్తు నమోదు ఒక్కటే మార్గం. టీకా కావాలన్న సంకల్పానికి కొరత లేదు. కొరత స్లాట్లకు, వాటిని పట్టుకోగల వేగానికి. ఓటీపీ వచ్చేలోగా స్లాటు నిండిపోయేది. మొదట్లో కోవిన్ ఇంగ్లీషులోనే ఉండేది. సుప్రీంకోర్టు మే 31 నాటి తన ఉత్తర్వులో డిజిటల్ అంతరాన్ని ప్రస్తావించి, అంతర్జాలంపైనే ఆధారపడిన టీకా విధానాన్ని ప్రశ్నించింది. అప్పటికే మే 24న ప్రభుత్వ కేంద్రాలలో నేరుగా నమోదుకు అనుమతి వచ్చింది. జూన్ 21 నుంచి ముందస్తు నమోదు అవసరం అందరికీ తొలగిపోయింది. నమోదు తెరముందు నుంచి బల్లముందుకు వచ్చిన తరువాత యాప్ గురించి ఫిర్యాదులు తగ్గాయి. నిజానికి కోవిన్ ఎక్కడికీ పోలేదు. బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి దానిని వాడాడు. రోగి స్థానంలో మధ్యవర్తి వాడిన ఈ సందర్భాన్ని ఏ గడిలో నమోదు చేయాలో ఆమోద నమూనాలకు తెలియదు.

7. మధ్యవర్తి, ఆమె కూలి:

ఈ-సంజీవనికి రెండు రూపాలున్నాయి. ఒకదానిలో రోగి ఇంటినుంచే తన ఫోనుతో వైద్యుని సంప్రదిస్తాడు. రెండవదానిలో రోగి దగ్గరి ఆరోగ్యకేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బంది తమ పరికరంతో దూరాన ఉన్న వైద్యునికి కలుపుతారు. 2023 ఫిబ్రవరి నాటికి ఈ వేదికమీద జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. వాటిలో అత్యధికం రెండవ రూపంలో జరిగినవే. రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. వైద్యుడు, తెర, సాఫ్ట్‌వేర్ రెండింటిలోనూ దాదాపు ఒకటే. పక్కన ఒక మనిషి ఉన్నచోట వాడుక పెరిగింది. ఈ వ్యాసం చేస్తున్న వాదానికి ఇంతకంటె బలమైన ఆధారం దొరకదు.

అయితే మధ్యవర్తిని ఆదర్శంగా చిత్రించడం కూడా తప్పే. ఓటీపీ చెప్పడమంటే తాళంచెవి ఇవ్వడమే. గర్భస్రావం గురించి, క్షయ గురించి, మానసిక బాధ గురించి తెలిసిన మనిషి ఎదుట మాట్లాడడం కంటె తెలియని యంత్రానికి చెప్పడమే కొందరు స్త్రీలకు సులువు కావచ్చు. ఆశా కార్యకర్త అదే ఊరి కోడలు. ఆమెకు తెలిసినది ఊరికి తెలిసే అవకాశం లేకపోలేదు. వాడకట్టు భయం యాప్‌తో పోయి ఆశాతో తిరిగివచ్చే సందర్భాలూ ఉంటాయి. అటువంటి రోగులకు యాప్ నిజమైన మేలు చేయగలదు. వారిని గురించిన పరిశోధన ఇంకా జరగవలసి ఉన్నది.

మధ్యవర్తి శ్రమ సంగతి మరొకటి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారం ప్రకటించింది. ప్రభుత్వ లెక్కలలో వారు నేటికీ ఉద్యోగులు కారు. ప్రోత్సాహకాల మీద పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు. 2020 ఆగస్టులో దేశవ్యాప్తంగా లక్షలాది ఆశాలు, ఇతర పథక కార్మికులు సమ్మె చేసినప్పుడు వారి కోరికలలో జీతంతో పాటు రక్షణ సామగ్రి కూడా ఉన్నది. ‘అనుకూల పరిస్థితులు’ అని 2003 నాటి నమూనా ఒక్కమాటలో చెప్పినదాని వెనుక తెలంగాణ పల్లెలో ఈ స్త్రీ నడక ఉన్నది.

2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ విస్తరించారు. ప్రతి పౌరునికీ 14 అంకెల ఆభా సంఖ్య ఇచ్చి, ఆరోగ్య వివరాలను దానికి ముడివేయడం దాని లక్ష్యం. ఆరోగ్య సేతు కూడా సంపర్కాల గుర్తింపు విడిచి ఈ వ్యవస్థలోకి ఒదిగింది. ఆధార్‌తో ఆభా తెరిచేటప్పుడు, ఆధార్‌కు ముడిపడిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. దవాఖాన చీటీల కిటికీ దగ్గర నిలబడిన తల్లి ఆధార్‌కు ముడిపడిన ఆ ఫోను, ఆ సమయానికి, నందిగామలో షిఫ్టులో ఉన్న కొడుకు జేబులో ఉండవచ్చు. అటువంటప్పుడు ఆమె వివరాలకు సమ్మతి ఇచ్చినది ఎవరన్న ప్రశ్నకు మిషన్ నియమాలలో సమాధానం వెదకడం, ఆ కిటికీ దగ్గరే నిలబడి చూడడం తదుపరి పరిశోధకుల పని.